మంద లేని కాపరి

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. బెంగళూరులో ఉద్యోగం చేసే మా తమ్ముడు కెనడా వెళ్తూ తన కుక్కను మా ఇంట్లో దింపి వెళ్లాడు. పద్నాలుగు నెలల మగకుక్క, బోర్డర్ కోలీ జాతి. నలుపూ తెలుపూ కలిసి ఉంటుందని ఓరియో అని పేరు పెట్టాడు. మా అత్తగారికి నోరు తిరగక "ఓరయ్యా" అని పిలుస్తారు. "ప్రపంచంలోకెల్లా తెలివైన జాతి అక్కా, నీకు పని తగ్గుతుంది గానీ పెరగదు" అన్నాడు తమ్ముడు. వచ్చి రెండు నెలలైంది. మా ఐదేళ్ల పాప పెరట్లో పరిగెడితే వెనక నుంచి వచ్చి మడమ దగ్గర పళ్లతో పట్టుకుంటోంది. మొన్న సోమవారం చర్మం మీద గీత పడింది. కోళ్లన్నిటినీ తోలుకెళ్లి కుడితి గాబు పక్కన మూలకు చేర్చి, ఎదురుగా పడుకుని కదలనివ్వదు. కాలవ గట్టు మీద బండి వెళ్తే చాలు వెంటపడుతుంది. గేటు గడియ తీయడం నాలుగు రోజుల్లో నేర్చుకుంది. గొలుసు వేసి కడితే తన తోక కోసం గుండ్రంగా తిరుగుతుంది. లేదంటే గోడ మీద కొబ్బరాకుల నీడ కదులుతుంటే గంటల తరబడి దాన్నే చూస్తూ ఉండిపోతుంది. దీనికి పిచ్చి పట్టింది, ఎవరికైనా ఇచ్చేయమని అత్తగారు పోరుతున్నారు. మావారు మస్కట్‌లో ఉంటారు. పదకొండేళ్ల మా బాబు దాన్ని పంపిస్తే అన్నం తిననంటున్నాడు. ఇది తెలివా, పిచ్చా? పిల్లలున్న ఇంట్లో దీన్ని ఉంచుకోవచ్చా?

– ఒక అమ్మ, కోనసీమ

సమాధానం:

అమ్మా, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు పాప మడమ.

పన్ను తగిలి చర్మం గీసుకుంటే, రక్తం రాకపోయినా సరే, సబ్బు రాసి ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి. అదే రోజు డాక్టరుకు చూపించాలి. రోజులు గడిచిపోయాయి కదా అని వదిలేయకండి. ఇది చదివిన రోజే పాపను ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. గీత ఎప్పుడు పడింది, కుక్కకు రేబిస్ టీకా ఉందా లేదా, అది ఇప్పటికీ మామూలుగా తింటూ తిరుగుతోందా, ఈ మూడూ డాక్టరుకు చెప్పండి. ఆయన టీకా వేయించమంటే వాయిదా వేయకుండా వేయించండి. సున్నం, కారం, ఆకు పసరు లాంటివి రాయకండి. తమ్ముడికి ఈ రాత్రే ఫోన్ చేసి కుక్క టీకాల పుస్తకం ఫొటోలు పంపమనండి. అందులో రేబిస్ టీకా వేసి ఏడాది దాటినట్టుంటే మళ్లీ వేయించాలి. పుస్తకం దొరకలేదంటే అసలు వేయలేదనే అనుకుని మొదలుపెట్టండి.

ఇక మీరడిగిన మాట. ఓరియోకు పిచ్చి లేదు. అది చేస్తున్న పనులన్నీ దాని తాతముత్తాతలు కూలి పనిలా రోజూ చేసినవే. కాకపోతే వాటికి మంద ఉండేది, పక్కన కాపరి ఉండేవాడు. దీనికి రెండూ లేవు.

సార్వా కోతలయ్యాక మన చేలల్లో బాతుల మందలు దిగడం మీరు చూసే ఉంటారు. వందల బాతులు, వెనకాల ఇద్దరే మనుషులు, చేతిలో పొడుగాటి కర్ర. ఆ కర్రతో ఒక్క బాతునూ కొట్టరు. మనిషి ఎడమ పక్కకు నాలుగడుగులు వేస్తే మంద కుడికి తిరుగుతుంది. అతను ఆగితే మందా ఆగుతుంది. మరీ మీదికి వెళ్తే చెల్లాచెదురైపోతుంది. ఎక్కడ నిలబడాలి, ఎంత దూరంలో నిలబడాలి అన్నదే ఆ పనిలో విద్యంతా. బోర్డర్ కోలీ చేసేది సరిగ్గా ఆ పనే. దాని చూపే దానికి కర్ర.

ఇంగ్లండుకూ స్కాట్లండుకూ మధ్య ఉన్న సరిహద్దు కొండల్లో గొర్రెల కాపరులు తయారుచేసుకున్న జాతి ఇది. సరిహద్దుది కాబట్టే బోర్డర్ కోలీ. ఆ పేరు వాడుకలోకి వచ్చింది 1915లో. అంతకు ముందు, 1893లో నార్తంబర్లండ్‌లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే కుక్కను ఈ జాతికి మూలపురుషుడిగా చెబుతారు. గోల చేయకుండా, మీద పడకుండా, చూపుతోనే గొర్రెలను నడిపేదని దానికి పేరు. ఇప్పటి బోర్డర్ కోలీల వంశం తవ్వుకుంటూ వెళ్తే దాదాపు అన్నీ దాని దగ్గరికే చేరతాయి. మీ గాబు పక్కన పొట్ట నేలకు ఆనించి, మెడ ముందుకు చాచి, రెప్ప వేయకుండా కోళ్లను చూస్తున్న ఓరియో ఆ చూపును ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పుట్టుకతో తెచ్చుకుంది.

ఆ చూపు ఎక్కడి నుంచి వచ్చిందో చెబితే పాప మడమ సంగతీ మీకు అర్థమవుతుంది. తోడేలు వేటలో పనులు ఒక వరసలో జరుగుతాయి. చూపు నిలపడం, పొంచి నడవడం, తరమడం, పట్టుకోవడం, చంపడం. కాపరులు తరతరాలుగా తమకు నచ్చిన కుక్కలనే జతకట్టిస్తూ వచ్చారు. దాంతో ఈ వరసలో మొదటి మూడూ బాగా పెరిగాయి, చివరి రెండూ అణిగాయి. పూర్తిగా పోలేదు, అణిగాయి. ఎదురు తిరిగిన గొర్రెను కొంచెం పళ్లతో బెదిరించడం ఆ పనిలో ఉంది కదా. అందుకే ఆ కాస్తా మిగిలింది. పాప పరుగు, గట్టు మీద బండి, కోడి రెక్కల చప్పుడు, గోడ మీద ఆకు నీడ, అన్నీ దానికి ఒకేలా కనిపిస్తాయి. ఏదో మందలోంచి జారిపోతోంది, నేను వెళ్లి ఆపాలి, అంతే.

పాప మీద దానికి కోపం లేదని మీరు నమ్మడానికి ఒక గుర్తు చెబుతాను. కోపంతో కరిచే కుక్క ముందు బిగుసుకుంటుంది, గుర్రుమంటుంది, పెదవి పైకెత్తి పళ్లు చూపిస్తుంది. మంద తోలే కుక్క చప్పుడు లేకుండా వంగి వచ్చి, మడమ అందుకుని, వెంటనే వదిలేస్తుంది. పాప ఆగితే అదీ ఆగుతుంది. ఈసారి ఈ తేడా గమనించండి. కోపం కాదు కదా అని ఊరుకోమని మాత్రం చెప్పను. ఐదేళ్ల పిల్ల పడిపోతే కుక్క నోరు మడమ దగ్గర ఉండదు, ముఖం దగ్గర ఉంటుంది.

అన్ని జాతులూ మందను ఒకేలా తోలవు. పశువులను తోలడానికి పెంచిన కార్గీ వంటివి వెనక నుంచి మడమలు కొరుకుతూ ముందుకు నెడతాయి. బోర్డర్ కోలీ పద్ధతి వేరు. మందకు దూరంగా చుట్టూ తిరిగి అవతలి వైపు చేరి, మందను కాపరి దగ్గరకు తోలుకొస్తుంది. కాపరి ఇటు కదిలితే అది అటు కదిలి, మధ్యలో మంద ఉండేలా చూసుకుంటుంది. కోళ్లను మూలకు చేర్చాక అది ఏం చేస్తోందో ఒకసారి చూడండి. మీరు వంటింటి గుమ్మంలోకి వస్తే చెవి మీ వైపు తిరుగుతుంది, కన్ను ఒక్క క్షణం మీ మీద పడుతుంది. మందను చేర్చాను, ఇప్పుడేం చేయమంటారు అన్నట్టు. రెండు నెలలుగా దానికి ఆ జవాబు రావడం లేదు.

మీ తమ్ముడు చెప్పిన తెలివి అబద్ధం కాదు. స్టాన్లీ కోరెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1994లో, కుక్కల విధేయత పోటీలకు న్యాయనిర్ణేతలుగా ఉన్న 199 మంది అభిప్రాయాలు సేకరించి జాతులకు వరస కట్టాడు. బోర్డర్ కోలీ మొదటిది, జర్మన్ షెపర్డ్ మూడోది, షెట్లండ్ షీప్‌డాగ్ ఆరోది. కొత్త మాటను ఐదు సార్లలోపే నేర్చుకోవడం, వందకు తొంభై ఐదు సార్లు మొదటి పిలుపుకే పని చేయడం పై వరసలోని జాతుల లక్షణం. అయితే అది మనిషి చెప్పిన పని నేర్చుకునే తెలివికి మాత్రమే కట్టిన వరస. కుక్కల తెలివిలో అది ఒక రకమేనని ఆయనే చెప్పాడు. ఇంట్లో కుదురుగా ఉండటానికీ, పిల్లల అల్లరి ఓర్చుకోవడానికీ ఆ వరసతో సంబంధం లేదు. పైగా ఐదు సార్లలో మంచి నేర్చుకునే కుక్క చెడు కూడా ఐదు సార్లలోనే నేర్చుకుంటుంది. గేటు గడియే దానికి సాక్ష్యం.

అమెరికాలో చేజర్ అనే బోర్డర్ కోలీ ఉండేది. జాన్ పిల్లే అనే మనస్తత్వ శాస్త్ర ఆచార్యుడు దానికి 1,022 బొమ్మల పేర్లు నేర్పాడు. 2011లో అది శాస్త్ర పత్రికలో అచ్చయింది. ఏ బొమ్మ పేరు చెబితే ఆ బొమ్మ తెచ్చేది. ఈ కథ అందరికీ నచ్చుతుంది. ఆయన ఆ కుక్కతో రోజుకు నాలుగైదు గంటల చొప్పున మూడేళ్లు కూర్చున్నాడన్న సంగతే ఎవరూ చెప్పుకోరు. తెలివైన కుక్క అంటే పని తగ్గించే కుక్క అని మీ తమ్ముడు అనుకున్నాడు. ఆ తెలివికి కూడా ఆకలి ఉంటుందమ్మా. అన్నం పెట్టకపోతే ఒళ్లు చిక్కుతుంది, పని పెట్టకపోతే ఇలా నీడలు చూస్తూ కూర్చుంటుంది.

ఈ నీడల దగ్గర నేను చేసిన తప్పొకటి మీకు చెప్పాలి. పశువైద్యుడిగా ఉద్యోగంలో చేరిన కొత్తలో తణుకు వైపు ఉండేవాణ్ని. ఇంట్లో అల్సేషియన్ ఉండేది. జర్మన్ షెపర్డ్‌ను అప్పుడు అలాగే పిలిచేవాళ్లం. నేను పొద్దున్నే ఊళ్ల మీదికి వెళ్తే చీకటి పడ్డాక వచ్చేవాణ్ని. అంతసేపూ అది గొలుసు మీద ఉండేది. కొన్నాళ్లకు తోక వెంట తిరగడం మొదలుపెట్టింది. తోక చివర కొరికి పుండు చేసుకుంది. నేను చదువుకున్న చదువంతా వాడాను. చెవులు చూశాను, చర్మం చూశాను, పురుగుల మందు వేశాను, మత్తు మాత్రలు కూడా ఇచ్చాను. గొలుసు మాత్రం విప్పలేదు.

మా వీధిలో గేదెలు మేపుకునే ఒక పెద్దాయన ఉండేవారు. "దీన్ని నాతో పంపండి బాబూ, గట్టు మీద తిరిగొస్తుంది" అన్నారు. పంపాను. వారం తర్వాత ఓ సాయంత్రం చూడ్డానికి వెళ్తే, ఒక పక్క ఊడ్చిన చేను, ఒక పక్క గేదెలు, మధ్యలో గట్టు మీద ఆ కొస నుంచి ఈ కొసకు నా కుక్క తిరుగుతూ ఉంది. గేదె చేను వైపు ముట్టె తిప్పితే ఎదురుగా వెళ్లి నిలబడుతోంది. ఆ పెద్దాయన దానికేమీ నేర్పలేదు. తర్వాత చదివి తెలుసుకున్నాను. జర్మనీలో మందకూ పైరుకూ మధ్య కంచెలు ఉండేవి కావు, ఆ హద్దు వెంట రోజంతా తిరుగుతూ కుక్కలే కంచెలా పని చేసేవి. అలాంటి పనికుక్కల్లోంచే 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్స్ జర్మన్ షెపర్డ్ జాతిని నిలబెట్టాడు. నా కుక్కకు తోక పుండు మానింది. కానీ వర్షాలకు ఇంట్లో ఉండిపోయిన రోజుల్లో ఆ తిరగడం మళ్లీ మొదలయ్యేది, చివరిదాకా పూర్తిగా పోలేదు. మొదటి నెలలోనే గొలుసు విప్పి ఉంటే ఆ అలవాటు పడేది కాదని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకే ఓరియో గొలుసు రేపే తీయండి. పెరటి గోడ ఎత్తు చూసుకోండి, గేటుకు తాళం వేయండి, ఇంట్లోనే మీ కళ్ల ముందు తిరగనివ్వండి. నీడలు చూస్తుంటే కేకలేయకుండా పేరు పెట్టి పిలిచి వేరే పని పెట్టండి. ఆ గోడ మీద నీడ పడే వేళకు దాన్ని వేరే గదిలోకి మార్చండి. బాబుకు గట్టిగా చెప్పండి, టార్చి లైటు గానీ అద్దం వెలుగు గానీ లేజరు గానీ గోడ మీద ఆడించి దాన్ని పరిగెత్తించకూడదు. చూసేవాళ్లకు సరదాగా ఉంటుంది, దానికి అది జబ్బుగా ముదురుతుంది. దగ్గర్లోని పశువైద్యుడికి ఒకసారి చూపించి చెవులు, చర్మం, తోక కింద గ్రంథులు, రక్తం పరీక్ష చేయించండి. నొప్పి వల్ల కూడా కుక్కలు తోక వెంట తిరుగుతాయి.

అక్కడికి వెళ్లినప్పుడు తప్పకుండా చెప్పాల్సిన మాట ఒకటుంది. "ఇది కోలీ జాతి, ఐవర్‌మెక్టిన్ వేసే ముందు చూడండి" అని. గజ్జికీ పేలకూ పురుగులకూ మన వైపు పశువులకూ కుక్కలకూ వాడే మందు అది. కోలీ కుటుంబంలోని కొన్ని కుక్కల్లో ఎండీఆర్1 అనే జన్యువులో లోపం ఉంటుంది. అది ఉన్న కుక్కలో ఆ మందు మెదడులోకి చేరుతుంది. మోతాదు మించితే తూలిపోతుంది, చొంగ కారుస్తుంది, వణుకుతుంది, ప్రాణం కూడా పోవచ్చు. రఫ్ కోలీల్లో, ఆస్ట్రేలియన్ షెపర్డ్‌లలో ఈ లోపం బాగా ఎక్కువ. బోర్డర్ కోలీల్లో తక్కువే గానీ లేకపోలేదు. మీ ఇంట్లో గేదెలు ఉంటే ఇంకో జాగ్రత్త. వాటికి ఆ మందు వేయించిన రోజుల్లో పేడ దగ్గరికి ఓరియోను పోనివ్వకండి. కుక్కలు పేడ తింటాయి, మందు పేడలో కూడా ఉంటుంది.

ఇప్పుడు రోజువారీ పని. చాలామంది బాగా పరిగెత్తిస్తే కుదురుకుంటుందనుకుంటారు. పరుగు ఒక్కటే పెడితే కొన్నాళ్లకు ఇంకా ఎక్కువ పరిగెత్తగల కుక్క తయారవుతుంది, కుదురు రాదు. ఒంటికి కొంత, బుర్రకు ఎక్కువ పెట్టాలి. మన వాతావరణంలో అదే మంచిది కూడా. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూ, నోటి తడి ఆరడం వల్ల చల్లబడుతుంది. కాలవలు కట్టేసిన ఆ ఏప్రిల్, మే నెలల్లో ఎండకు తోడు ఉక్కపోత కూడా ఉంటుంది. గాలిలోనే అంత తేమ ఉంటే నోటి తడి ఏం ఆరుతుంది? అందుకని తెల్లవారకముందు ఒకసారి, పొద్దు కుంకాక ఒకసారి, అంతకుమించి బయట పరుగు వద్దు. చలి దేశపు కుక్క, వెంట్రుకలు ఎక్కువని గొరిగించకండి. లోపలి పొర దువ్వి తీస్తే చాలు, పై పొర ఎండను కాస్తుంది. ఆగకుండా రొప్పుతూ, తూలుతూ, చిగుళ్లు ఎర్రబడి కనిపిస్తే వెంటనే ఒంటినిండా మామూలు నీళ్లు పోస్తూ ఫ్యాను కింద పెట్టండి. ఒళ్లు చల్లబరిచాకే ఆటో ఎక్కించండి.

బుర్రకు పని పెట్టడానికి మీరేమీ కొనక్కర్లేదు. కోనసీమలో కొబ్బరి చిప్పలకు కరువా? నాలుగు చిప్పలు బోర్లించి, ఒక దాని కింద ఉడికించిన కోడిమాంసం ముక్క పెట్టి వెతకమనండి. రెండు రోజుల తర్వాత ఎనిమిది చిప్పలు. ఆ తర్వాత పెరడంతా దాచండి. అన్నం ఒకేసారి గిన్నెలో పోసేయకుండా సగం ఇలా సంపాదించుకోనివ్వండి. బాబు స్కూలు నుంచి వచ్చాక ఒక అరగంట వస్తువుల పేర్లు నేర్పాలి. చెప్పు, తువ్వాలు, బంతి, బుట్ట. ఒక వస్తువు బాగా వచ్చాకే రెండోది. తెలుగులోనే నేర్పమనండి, దానికి ఏ భాషైనా ఒకటే. ఇంట్లో అందరూ ఒక పనికి ఒకే మాట వాడాలి, అది ముఖ్యం. మీరు "పడుకో", బాబు "కూర్చో", అత్తగారు "ఛీ, పో" అంటే దాని బుర్ర గందరగోళమవుతుంది. ఓరియో, ఓరయ్యా రెండూ పలికితే మాత్రం ఇబ్బందేమీ లేదు. వెయ్యి పేర్లు నేర్చుకున్న జాతికి తనకు రెండు పేర్లుండటం లెక్క కాదు.

తోలాలన్న కోరికకు కూడా ఒక దారి ఉంది. అది నోటితో పట్టుకోలేనంత పెద్ద బంతి ఒకటి తెప్పించండి. ముక్కుతో నెట్టుకుంటూ మీ కాళ్ల దగ్గరకు తేవడం నేర్పండి. జర్మనీలో ట్రైబాల్ పేరుతో దీన్ని ఒక ఆటగానే ఆడిస్తారు, గొర్రెలు లేని ఊళ్లలోని మంద తోలే జాతుల కోసం. గాలి తీసిన కారు ట్యూబో, మెత్తని గోనెసంచో ఇవ్వకండి, పీకి ముక్కలు మింగుతుంది.

మాటల్లో మూడు అన్నిటికంటే ముందు రావాలి. "ఆగు", "పడుకో", "చాలు". ఆ సరిహద్దు కాపరులు పని ముగిసినప్పుడు కుక్కతో "దటిల్ డూ" అంటారు. చేసింది చాలు, ఇక నా దగ్గరకు రా అని దానికి అర్థం. ఆ మాట వినగానే కొండ మీద గొర్రెలను వదిలేసి కుక్క కాపరి కాళ్ల దగ్గరికి వచ్చేస్తుంది. దాని బుద్ధికి ఆ మాట తలుపు గడియ లాంటిది. ప్రతి ఆట చివరా "చాలు" అనండి, పక్కన పడుకోబెట్టండి, నిమురుతూ ఓ పది నిమిషాలు అలాగే ఉంచండి. ఈ జాతికి పరుగు పుట్టుకతో వస్తుంది, విశ్రాంతి మనం నేర్పాలి. కొట్టకండి. ఈ కుక్కలు గొంతులో కాస్త కరకుదనానికే ముడుచుకుపోతాయి. దెబ్బ తిన్నది భయపడి దాక్కుంటుంది, లేదా ఈసారి మడమను నిజంగానే కరుస్తుంది.

పాపకు ఒక ఆట నేర్పండి. ఓరియో పరిగెత్తుకుంటూ వస్తే పాప కొబ్బరి చెట్టు అయిపోవాలి. చేతులు మడిచి, కాళ్లు దగ్గర పెట్టి, కిందికి చూస్తూ కదలకుండా నిలబడాలి. కదలని దాన్ని తోలడానికి దానికి ఉత్సాహం ఉండదు. ఇది నేర్చుకున్నా సరే, పెద్దవాళ్లు లేకుండా ఇద్దర్నీ పెరట్లో వదలకండి. పిల్లలు పరుగుపందాలు ఆడే వేళ కుక్క గ్రిల్ తలుపుకు ఇవతల, మీ దగ్గర ఉండాలి. పాప నడుస్తుంటే పడుకుని ఉన్నందుకు ఒక ముక్క, పాప వేగంగా నడిచినా లేవనందుకు ఇంకో ముక్క, అలా మెల్లగా పరుగు దాకా తీసుకురండి. నెల పైనే పడుతుంది.

బండ్ల విషయంలో అశ్రద్ధ చేస్తే ప్రాణం పోతుంది, దానిదో బండి మీద వెళ్లే మనిషిదో. గట్టు మీదికి ఎప్పుడూ పొడుగాటి తాడుతోనే తీసుకెళ్లండి. బండి చప్పుడు దూరంగా వినిపించి దాని చెవి లేచిన ఆ క్షణంలోనే పిలిచి ముక్క పెట్టాలి. వంగి పొంచిందంటే ఆలస్యమైనట్టే, అప్పుడు మీ మాట దాని చెవికెక్కదు.

కోళ్లకు వల కట్టించండి. పాపం, వాటి సంగతీ చూడాలి కదా. రోజూ బెదురుతుంటే గుడ్లు పెట్టడం మానేస్తాయి.

తిండిలో అత్తగారికి ఒక మాట చెప్పండి. ప్రేమగా చేపల పులుసు కలిపిన అన్నం పెడుతూ ఉండవచ్చు, అందులో ఉల్లిపాయ ఉంటుంది, కుక్క రక్తానికి అది చెరుపు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా వద్దు. మామిడి టెంక మింగితే పేగులో అడ్డుపడుతుంది. ముల్లు తీసిన ఉడికించిన చేప, గుడ్డు, పెరుగన్నం పెట్టవచ్చు. పొలాల్లో ఎలుకలు తిరిగే నీళ్లతో వచ్చే లెప్టో జబ్బుకు టీకా ఉంటుంది, అది వేశారో లేదో పుస్తకంలో చూడండి.

ఉంచుకోవచ్చా అన్నారు. అన్నీ కలిపి రోజుకు రెండు గంటలు, ముక్కలు ముక్కలుగానైనా, ఎవరో ఒకరు దానికివ్వాలి. బాబు ఒక గంట ఇవ్వగలడు, కానీ పదకొండేళ్ల పిల్లవాడి మీద మొత్తం బరువు పెట్టకూడదు, పరీక్షలొస్తాయి. మిగతా గంట మీదే అవుతుంది. పాలు, వంట, పాప, అత్తగారు, వీటన్నిటి మధ్య ఆ గంట మీ దగ్గర ఉందో లేదో మీకే తెలుసు. లేకపోతే లేదని చెప్పడంలో తప్పేమీ లేదు. ఈ కుక్కను కోరుకున్నది మీరు కాదు. మీ తమ్ముడు దూరం వెళ్లినంత మాత్రాన బాధ్యత తీరిపోలేదు. పొద్దున పూట దాన్ని తిప్పడానికి ఊళ్లో ఓపికున్న కుర్రవాడిని పెట్టి జీతం పంపమనండి. మూడు నెలలు చూడండి. ఈలోగా ఎప్పుడైనా గుర్రుమని పిల్లల మీదికి వచ్చినా, చర్మం తెగేలా కరిచినా, మూడు నెలలు ఆగవద్దు. ఆ రోజు నుంచే పిల్లలకు దూరంగా ఉంచి డాక్టరుతో మాట్లాడండి.

ఇచ్చేయాల్సి వస్తే ఎవరికి ఇస్తారన్నది నాకు దిగులుగా ఉంది. మీ వైపు వెంటనే అడిగేది రొయ్యల చెరువుల వాళ్లు, కాపలాకు. ఇవ్వకండి. మందను కాచే కుక్క వేరు, మందను తోలే కుక్క వేరు. వేసవిలో మన చేలల్లో గొర్రెల మందలు కట్టే కాపరుల వెంట వచ్చే కుక్కలు చూడండి, అవి ఒక్క గొర్రెనూ తరమవు. దొంగ వస్తేనో నక్క వస్తేనో లేస్తాయి. రాత్రంతా కదలకుండా ఉండగలగడమే వాటి గొప్ప. ఓరియోను చెరువు గట్టు మీద పాక గుంజకు కట్టేస్తే నీళ్ల మీద వెలుగు కదలికలు చూస్తూ మతి పోగొట్టుకుంటుంది. రోజంతా మనుషులు మసలే ఇల్లు, వయసు వచ్చిన పిల్లలున్న ఇల్లు, కుక్కతో తిరగడం ఇష్టమైన మనిషి దొరికేదాకా వెతకండి. టీకాల పుస్తకంతో పాటు, మడమలు పట్టే అలవాటు ఉందని దాచకుండా చెప్పి ఇవ్వండి.

వీడియోలు చూసి ఇలాంటి కుక్కను కొనాలనుకునే మిగతా పాఠకులకు కూడా ఇదే నా మనవి. పోలీసుల దగ్గర చూసి ముచ్చటపడుతున్న బెల్జియన్ మాలినోయిస్ కూడా మంద తోలే కుక్కల కుటుంబందే, దాన్ని మామూలు ఇళ్లలో అసలు పెంచవద్దు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మడం కుక్కల పెంపకం, అమ్మకం మీద కేంద్రం తెచ్చిన 2017 నిబంధనల ప్రకారం తప్పు, అలా అమ్మేవాళ్ల గడప తొక్కకండి. మీ వీధిలో పుట్టిన పిల్లను తెచ్చుకుని టీకాలు వేయించుకోండి. మన ఎండకూ మన ఇళ్లకూ అది తగినట్టు ఉంటుంది.

అమ్మా, కోళ్లకు వల కట్టించేలోపు ఓరియో వాటిని మరోసారి గాబు దగ్గరికి చేర్చకుండా ఉండదు. అప్పుడు ఎవరూ అరవకండి, వెంటపడి లాగకండి. అత్తగారిని అరుగు మీదే కూర్చుని "చాల్లే ఓరయ్యా, ఇట్రా" అని ఒక్కసారి పిలవమనండి. మొదటిసారి రాకపోవచ్చు. వచ్చినప్పుడు మాత్రం ఆమె చేతిలో చిన్న చేప ముక్క ఉండాలి.